ఫార్‌స్టర్ గుహ, లెనార్డ్ వుల్ఫ్ అడవి: ఇంగ్లీషు ఆధునిక నవలల్లో మనం ఎక్కడున్నాం?

బెజవాడ_పాఠకురాలు (శనివారం, రాత్రి 10:12)

ఫార్‌స్టర్ ‘ఎ పాసేజ్ టు ఇండియా’ ఇప్పుడే పూర్తి చేశాను. ఎమ్మేలో గైడు చదివి గట్టెక్కిన పుస్తకం ఇది. అసలు నవల చదవడం ఇదే మొదలు. (నవ్వకండి, ఇక్కడ సగం మంది కథ ఇదే.)

మొదటి భాగం హాయిగా సాగింది. మసీదులో డాక్టర్ అజీజ్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ముసలావిడ మిసెస్ మూర్ కలుసుకునే చోటు ఎంత బాగుందో! గుహల దగ్గరికొచ్చేసరికి తల తిరిగింది. మిసెస్ మూర్‌తో వచ్చిన ఇంగ్లీషు అమ్మాయి ఎడేలా గుహలోకి వెళ్తుంది, కాసేపటికి కొండ దిగి పరుగెత్తుతుంది, చెయ్యి వేశాడని అజీజ్ మీద కేసు పడుతుంది, చివరికి కోర్టులో ఆవిడే కాదంటుంది. లోపల ఏం జరిగిందో మాత్రం ఆఖరి పేజీ దాకా చెప్పడు. పోనీ మూడో భాగమైనా తేలిగ్గా ఉంటుందా అంటే గోకులాష్టమి సంబరం. భక్తితో రాశాడో వెక్కిరించాడో తెలియలేదు.

నా సందేహాలు రెండు. గుహలో ఏం జరిగింది? రెండోది కాస్త పెద్దది: ఆ తరం తెల్ల రచయితలు నిజంగా మనల్ని అర్థం చేసుకుందామనుకున్నారా, లేక మనం వాళ్ల కథకి ఒక సెట్టింగేనా?

సందేహాల_రావు (10:47)

రెండోదానికి సూటిగా చెప్తాను. వాడుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్‌కి తన మీద తనకే నమ్మకం పోయింది. మందు కోసం తూర్పు వైపు చూశారు. 1922లో కవి ఎలియట్ ‘వేస్ట్ లాండ్’ ముగించడానికి బృహదారణ్యకోపనిషత్తు తెచ్చుకున్నాడు. అదే ఏడాది జర్మన్ రచయిత హెస్సె నవల ‘సిద్ధార్థ’ వచ్చింది. హెస్సె తాత హెర్మన్ గుండర్ట్ తలశ్శేరిలో మిషనరీగా ఏళ్ల తరబడి ఉండి మలయాళ నిఘంటువు చేసినవాడు. తల్లి పుట్టింది కూడా అక్కడే. మనవడు 1911లో ఓడెక్కి సిలోన్, సింగపూర్, సుమత్రా చూసుకుని ఇండియా గడప తొక్కకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మన బ్రాహ్మణ కుర్రాడి ఆత్మకథ ఆయనే రాశాడు!

న్యూజెర్సీ_లక్ష్మి (11:05)

రావు గారూ, ‘సిద్ధార్థ’ని ఏమీ అనకండి, ఇరవయ్యేళ్ల వయసులో నన్ను నిలబెట్టిన పుస్తకం అది.

ఆ నవల తీరు ఇండియాది కాదని మాత్రం ఒప్పుకుంటాను. సిద్ధార్థుడు బుద్ధుణ్ణి కలిసి కూడా ఆయన సంఘంలో చేరడు, నా దారి నేనే వెతుక్కుంటానంటాడు. అది జర్మన్ యువకుడి మాట. బట్టలు మనవి.

నిర్వాహకుడు (11:20)

ఎలియట్ గురించి కవిత్వం విభాగంలో వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ నవలలకే పరిమితమవుదాం, లేకపోతే ఉపనిషత్తుల్లోకి వెళ్లి తెల్లారినా బయటికి రాం.

ప్రభాకర్_మాస్టారు (ఆదివారం, ఉదయం 6:30)

అమ్మా, మొదటి ప్రశ్నకి నా జవాబు. ఈ నవల చేతిరాత ప్రతులు మిగిలాయి. తొలి చిత్తులో గుహలో ఎడేలా మీద నిజంగానే ఎవరో చెయ్యి వేస్తారు, పెనుగులాట ఉంటుంది, బైనాక్యులర్స్‌తో కొట్టి తప్పించుకుంటుంది. తర్వాత ఫార్‌స్టర్ ఆ దృశ్యం మొత్తం కొట్టేశాడు. అచ్చయిన నవలలో తెగిన బైనాక్యులర్స్ పట్టీ ఒక్కటే మిగిలింది. అంటే తెలియక వదిలింది కాదు. తెలిసింది తీసేసి, నడిమధ్య ఖాళీ మిగిల్చాడు. వెనకటి తరం నవలాకారుడైతే ఆ ఖాళీని చివరి అధ్యాయంలో పూడ్చేవాడు.

ప్రతిధ్వని సంగతి కూడా అంతే. ఏం పలికినా ఆ గుహ ఒకటే మోత తిరిగిస్తుంది. మంచిమాటకీ, చెడ్డమాటకీ, బూటు కీచుకీ అదే ‘బూం’. మిసెస్ మూర్ కుప్పకూలేది అందుకే. జీవితమంతా నమ్ముకున్న బైబిలు మాటలు కూడా ఆ మోతలో కలిసిపోతాయనిపిస్తుంది ఆవిడకి. గుహ వర్ణనలో మరో చోటు చూడండి. అగ్గిపుల్ల గీస్తే, అద్దంలా నునుపు చేసిన గోడ లోపల ఇంకో మంట లేస్తుంది. రెండూ దగ్గరికి జరిగి కలుద్దామనుకుంటాయి, కలవలేవు. ఒకటి గాలి పీలుస్తోంది, రెండోది రాయి. అజీజ్‌కీ, ఇంగ్లీషు ప్రిన్సిపాల్ ఫీల్డింగ్‌కీ మధ్య స్నేహం గురించి నవల చెప్పబోయేదంతా ఆ రెండు మంటల్లో ముందే ఉంది.

కాబట్టి ‘అర్థం చేసుకున్నాడా’ అన్న ప్రశ్న ఈ నవల దగ్గర కాస్త తిరగబడుతుంది. అర్థం చేసుకోవడం ఎక్కడ ఆగిపోతుందో రాయడమే ఆయన ఎంచుకున్న పని.

సందేహాల_రావు (ఉదయం 8:15)

మాస్టారూ, దండం పెట్టి ఒక మాట. ఆ గుహలు ఉత్త కల్పన కాదు. బీహార్‌లో గయ దగ్గరున్న బరాబర్ గుహలు. ఫార్‌స్టర్ 1913 జనవరిలో స్వయంగా చూశాడు. ఆ నునుపు, ఆ ప్రతిధ్వని నిజమే. కానీ అక్కడ అశోకుడి కాలపు బ్రాహ్మీ శాసనాలున్నాయి, గుహల్ని ఆజీవికులనే సన్యాసులకి ఇచ్చినట్టు. లోమస ఋషి గుహ వాకిలి మీద ఏనుగుల వరస చెక్కి ఉంది. నవల్లోకి వచ్చేసరికి శాసనం లేదు, ఏనుగుల్లేవు, ఆజీవికుల్లేరు. ఏ చెక్కడమూ లేవనీ, మనిషికీ దేవుడికీ ముందే పుట్టినవనీ రాశాడు. ఖాళీ అక్కడ ఉండి కనబడింది కాదు, చరిత్ర చెరిపేసి తయారుచేసుకున్నది. ఇందాక మీరు చిత్తుప్రతిలో చూపించిన పనే ఇది కూడా.

ప్రభాకర్_మాస్టారు (8:40)

మంచి దెబ్బ. కాదనను. నవల కోసం చేశాడు, ఆ చేసింది అమాయకమైన పని కాదు.

బాపట్ల_బుజ్జి (9:02)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. డేవిడ్ లీన్ సినిమా (1984) చూస్తే చాలదా? అందులో గుహలు అదిరిపోయాయి.

మూసీ_ఒడ్డు (9:10)

బుజ్జీ, సినిమాలో గుహలు బీహార్‌వి కావు, బెంగళూరు పక్కన సావనదుర్గ, రామనగర కొండలు. అవును, ‘షోలే’ రామనగరే. గబ్బర్ సింగ్ ఇలాకాలో ఎడేలా. పైగా నవల్లోని బ్రాహ్మణ ప్రొఫెసర్ గాడ్‌బోలేగా ఇంగ్లీషు నటుడు అలెక్ గిన్నెస్‌కి రంగు పూసి నిలబెట్టారు. నవల చదువు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ నవల అంకితం ఎవరికో చూశారా? సయ్యద్ రాస్ మసూద్‌కి, తమ పదిహేడేళ్ల స్నేహానికి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ చదువుకి ముందు ఆయనకి లాటిన్ చెప్పిన ట్యూటరే ఫార్‌స్టర్. ఆ స్నేహమే 1912లో ఫార్‌స్టర్‌ని ఇండియా ఓడెక్కించింది. మసూద్ అప్పుడు పట్నా పక్కన బాంకీపూర్‌లో లాయరు, అందుకే బరాబర్ చూడటం కుదిరింది. తర్వాత మసూద్ మా హైదరాబాద్ వచ్చారు. 1916 నుంచి 1928 దాకా నిజాం సర్కారులో విద్యాశాఖ డైరెక్టరు. ఉస్మానియా యూనివర్సిటీ నిలబెట్టిన వాళ్లలో ఆయనొకరు. 1921లో ఫార్‌స్టర్ హైదరాబాద్ వచ్చి ఆయన దగ్గర ఉన్నాడు కూడా.

1937లో మసూద్ పోయాక ఫార్‌స్టర్ రాసిన నివాళిలో, తన నగర శివారు బతుకు నుంచీ చదువుల బతుకు నుంచీ తనని తట్టి లేపింది మసూదేనని రాశాడు. రావు గారూ, ఈయన ఇండియా దగ్గరికి ఉపనిషత్తు పట్టుకుని రాలేదు. ఒక మనిషి కోసం వచ్చాడు. నవల్లో ముస్లిం ఇల్లు అంత సహజంగా ఉండి, హిందువుల దగ్గర తడబడటానికి కారణం కూడా అదే అనుకుంటా. స్నేహితుడు ఎటున్నాడో చూపు అటే బాగా ఆనింది.

కొలంబో_కిరణ్ (మధ్యాహ్నం 1:25)

ఉద్యోగరీత్యా శ్రీలంకలో ఉంటున్నాను. ఇక్కడ చదువుకున్నవాళ్లని అడిగితే ఫార్‌స్టర్ పేరు కాదు, లెనార్డ్ వుల్ఫ్ పేరు చెప్తారు. మనకి ఆయన నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ మొగుడిగానే తెలుసు. 1904లో సిలోన్ సివిల్ సర్వీస్‌లో చేరి జాఫ్నా, కాండీ చూసి, 1908 నుంచి 1911 దాకా హంబన్‌టోటా జిల్లాని ఏలాడు. సెలవు మీద ఇంటికెళ్లి, 1912లో రాజీనామా చేసి, వర్జీనియాని పెళ్లాడి, మరుసటేడు ఒక నవల తెచ్చాడు: ‘ది విలేజ్ ఇన్ ది జంగిల్’.

అందులో తెల్ల హీరో లేడు, తెల్ల హీరోయిన్ లేదు. బెద్దగామ అనే అడవి పల్లె. సిలిందు అనే వేటగాడు, అతని కవల కూతుళ్లు పుంచి మెనికా, హిన్నిహామి. అడవి కొట్టి, కాల్చి, గింజ చల్లుకునే సాగు, ఇక్కడ ‘హేన’ అంటారు. దానికి సర్కారు పర్మిట్ కావాలి. పర్మిట్ ఊరిపెద్ద చేతిలో, గింజలు వడ్డీవ్యాపారి చేతిలో. పంట రాకముందే అప్పు కిందకి పోతుంది. ఊరిపెద్దకి కోపం వస్తే పర్మిట్ రాదు, అంతే, కుటుంబం ఆకలికి పడిపోతుంది. ఎక్కడా ఉపన్యాసం లేదు. ఎవరి పొలం ఎవరు కాల్చాలి, ఎవరికి ఎన్ని గింజలు బాకీ అన్న లెక్కల్లోనే సామ్రాజ్యం ఎలా నడుస్తుందో కనిపిస్తుంది.

హిన్నిహామి ఒక జింకపిల్లకి తన పాలిచ్చి పెంచుతుంది. ఊళ్లో కష్టాలన్నిటికీ అదే కారణమని జనం దాన్ని రాళ్లతో కొడతారు. ఆ తర్వాత ఆమె కూడా బతకదు. చదివి రెండ్రోజులు మనసు మనసులో లేదు.

కోర్టు సీను సంగతి. పుంచి మెనికా భర్త బాబున్‌ని దొంగతనం కేసులో ఇరికిస్తారు. విచారణ ఇంగ్లీషులో. ఏం జరుగుతోందో బాబున్‌కి తెలియదు. ఏమైనా అడగాలా అంటే ఏం అడగాలో తెలియదు. బల్ల మీద కూర్చున్న తెల్లదొర చెడ్డవాడేం కాదు, ఓపిగ్గా వింటాడు, అనుమానం కూడా పడతాడు, అయినా శిక్ష వేస్తాడు. ఆ కుర్చీలో నిజంగా కూర్చున్నవాడే ఆ సీను రాశాడు.

పాడేరు_కాఫీ (2:50)

కిరణ్ అన్నా, హేన అంటే మా పోడే కదా. పర్మిట్, ఫారెస్టు గార్డు, షావుకారు... ఇక్కడ పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు. మా మన్యంలో 1922లో అల్లూరి పితూరీ లేచింది కూడా పోడు మీద ఆంక్షలు, ఘాట్‌రోడ్డు వెట్టిచాకిరీ వల్లే. ఆ పితూరీ 1924లో ముగిసింది, ఫార్‌స్టర్ నవల అచ్చయిన ఏడాదే. ఆ నవల్లో తెల్లవాళ్ల క్లబ్బు గొడవలు, టీపార్టీలు చూస్తే అదే దేశమా అనిపిస్తుంది.

మూసీ_ఒడ్డు (3:15)

తమ్ముడూ, రాజకీయం బొత్తిగా లేదనకు. ఇంగ్లీషు స్త్రీ కంటపడితే ఈ ఇండియన్లు గుహల దాకా మోకాళ్ల మీద పాకాలని నవల్లో కలెక్టరు భార్య మిసెస్ టర్టన్ అంటుంది. 1919లో అమృత్‌సర్‌లో డయ్యర్ వేసిన పాకుడు ఆర్డరే అది. చదివినవాళ్లకి అప్పట్లో వెంటనే తగిలి ఉంటుంది. గాంధీ ఊసు లేకపోవడం మాత్రం నాకూ ఆశ్చర్యమే.

మదనపల్లె_టమాటా (సాయంత్రం 5:40)

ఐరిష్ నవలాకారుడు జేమ్స్ జాయిస్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదేం? మా ఊరికీ ఆయనకీ చుట్టరికం ఉంది, ఆగండి చెప్తా.

1904లో జాయిస్ ఉండటానికి చోటులేక తిరుగుతున్నప్పుడు డబ్లిన్‌లో జేమ్స్ కజిన్స్ దంపతులు కొద్దిరోజులు ఇంట్లో పెట్టుకున్నారు. కజిన్స్ కవి, దివ్యజ్ఞాన సమాజం (థియసాఫికల్ సొసైటీ) మనిషి. జాయిస్‌కి ఆ ధోరణి పడదు, తర్వాత ఒక వెక్కిరింపు పద్యంలో ఆయన్ని ఉతికేశాడు. ఆ కజిన్స్ 1915లో ఇండియా వచ్చి మా బీసెంట్ థియసాఫికల్ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. 1919లో టాగూర్ మదనపల్లెలో జనగణమనని ఇంగ్లీషు చేసినప్పుడు బాణీకి స్వరాలు రాసింది మార్గరెట్ కజిన్స్ గారే. అంటే తూర్పుని నమ్మినవాళ్లు ఇక్కడికి వచ్చి బడి నడిపారు. నమ్మనివాడు అక్కడే ఉండి ‘యులిసీస్’ రాశాడు.

ఆ నమ్మనివాడే ఎక్కువ నిజం చెప్పాడని నా అభిప్రాయం. ‘యులిసీస్’లో నాయకుడు బ్లూమ్ ఒక టీ కంపెనీ అద్దాల ముందు నిలబడి సిలోన్ టీ పొట్లాలు చూస్తూ కలగంటాడు. తూర్పు ఎంత బాగుంటుందో, ప్రపంచానికే తోట, జనం ఎండలో సోమరిగా పడుంటారట. అంతకుముందు అధ్యాయంలో అలాంటి ఊహే ఒకటి వచ్చినప్పుడు వెంటనే తనే అనుకుంటాడు: నిజానికి అలా ఏమీ ఉండదేమో, పుస్తకాల్లో చదివిన సరుకు ఇది అని. పడమర తన ఊహల్లోంచే తూర్పుని తయారుచేసుకుందని ఎడ్వర్డ్ సయీద్ 1978లో ఓ పుస్తకం నిండా చెప్పిన దాన్ని జాయిస్ 1922లోనే బ్లూమ్ బుర్రలో పెట్టేశాడు.

కొలంబో_కిరణ్ (6:05)

‘యులిసీస్’ జరిగేది 1904 జూన్‌లో. అదే ఏడాది చివర్లో లెనార్డ్ సిలోన్ ఓడెక్కాడు! బ్లూమ్ సోమరులనుకున్న మనుషుల దగ్గరికి, వాళ్ల పర్మిట్ల మీద సంతకాలు పెట్టడానికి.

న్యూజెర్సీ_లక్ష్మి (రాత్రి 8:30)

భర్త గురించి ఇంత చెప్పి భార్యని వదిలేస్తే ఎలా? వర్జీనియా ఇండియా రాలేదు. కానీ ‘మిసెస్ డాలొవే’ (1925)లో పీటర్ వాల్ష్ ఐదేళ్లు ఇండియాలో ఉండి లండన్‌కి తిరిగొస్తాడు. ఇండియాలో ఏం చేశాడయ్యా అంటే ఒక నాగలి కనిపెట్టాడు, ఇంగ్లండ్ నుంచి ఒంటిచక్రం తోపుడుబళ్లు తెప్పించాడు, కూలీలు వాటిని వాడలేదు. ఒకే వాక్యంలో పోతుంది ఇదంతా. ఆ కూలీలు ఎవరు, ఎందుకు వాడలేదు అని వాల్ష్‌కి తట్టదు. రచయిత్రి కూడా చెప్పదు. అతని బుర్రలోనే ఉన్నాం కాబట్టి అతనికి కనిపించనిది మనకీ కనిపించదు. చైతన్య స్రవంతి (పాత్ర బుర్రలో పారే ఆలోచనల్ని అలాగే రాసే పద్ధతి) అనగానే లోతు గురించే మాట్లాడతాం గానీ, ఒక మనిషి ఎంత దూరం చూడలేడో కూడా దాంతో కొలవొచ్చు.

‘టు ది లైట్‌హౌస్’లో చిత్రకారిణి లిలీకి పదేపదే ‘చైనా కళ్లు’ తగిలించడం మాత్రం నాకు నచ్చలేదు. అది రచయిత్రి అలంకారమే.

బెజవాడ_పాఠకురాలు (9:15)

ఎంత సమాచారం! అందరికీ థాంక్స్. మూడో భాగం సంగతి మాత్రం మిగిలిపోయింది. గోకులాష్టమి వెక్కిరింతా కాదా? గోడ మీద ఇంగ్లీషు సూక్తిలో అక్షరాలు తారుమారు చేసి రాయడం చూసి ఒళ్లు మండింది.

ప్రభాకర్_మాస్టారు (సోమవారం, ఉదయం 6:20)

1921లో ఫార్‌స్టర్ మధ్య ఇండియాలోని దేవాస్ సీనియర్ సంస్థానంలో మహారాజుకి ప్రైవేట్ సెక్రటరీగా చేశాడు. (ఒకే ఊళ్లో సీనియర్, జూనియర్ అని రెండు సంస్థానాలు. అదో పెద్ద తమాషా.) అక్కడ అష్టమి ఉత్సవం దగ్గరుండి చూశాడు. ఆ ఉత్తరాలు 1953లో ‘ది హిల్ ఆఫ్ దేవి’గా వచ్చాయి. చెవులు పగిలే మోత, ఒకేసారి రెండు మూడు బ్యాండ్లు, కళ్లకి ఇంపుగా లేని అలంకరణ అని విసుక్కుంటాడు. అదే ఉత్తరాల్లో, దేవుడి ముందు ఒళ్లు మరిచి ఆడే రాజుని చూసి తను చూడలేనిదేదో ఆయన చూస్తున్నాడని ఒప్పుకుంటాడు.

నవలలో ఆ రెండూ కలిసే ఉన్నాయి. గాడ్‌బోలే కీర్తన పాడుతూ, ఎప్పుడో చూసిన మిసెస్ మూర్‌ని తలుచుకుని ప్రేమతో దేవుడి వైపు నెడతాడు. తర్వాత ఎక్కడో చూసిన కందిరీగని నెడతాడు. అది వాలిన రాయిని కూడా నెట్టబోయి, ఆపైన చేతకాక ఆగిపోతాడు. వెక్కిరించేవాడు అంత జాగ్రత్తగా రాయడమ్మా. సూక్తిలో తప్పు ఉంది, నిజమే. కానీ ఆ గందరగోళంలో ఎవరినీ బయటికి గెంటలేదు. తప్పు రాసిన సూక్తినీ, కందిరీగనీ కూడా. క్లబ్బులో ఆ వీలు లేదు.

సందేహాల_రావు (7:45)

బాగా చెప్పారు మాస్టారూ. అయినా నా మనసులో మెదిలేది కోర్టు సీనులో పంకా లాగేవాడు. గుర్తుందా? అంటరాని కులం మనిషి. గది వెనక ఎత్తు మీద కూర్చుని తాడు లాగుతుంటాడు. దేవుడి విగ్రహంలా ఉన్నాడని ఫార్‌స్టర్ ఒళ్లంతా వర్ణిస్తాడు. కేసు కొట్టేస్తారు, జనం కేకలేస్తారు, గది ఖాళీ అవుతుంది, అతను మాత్రం ఏం జరిగిందో తెలియక తాడు లాగుతూనే ఉంటాడు. అద్భుతమైన దృశ్యం, ఒప్పుకుంటాను. కానీ అతని బుర్రలో ఏముంది? అజీజ్ బుర్రలోకి వెళ్లాడు, ఎడేలా బుర్రలోకి వెళ్లాడు, కందిరీగ దాకా వెళ్లాడు. పంకా మనిషి దగ్గర మాత్రం చర్మం దగ్గరే ఆగాడు.

కొలంబో_కిరణ్ (8:20)

లెనార్డ్ ఆ గీత దాటాడు. కోర్టులో బాబున్ వైపు నుంచి చూపించాడు కదా.

సందేహాల_రావు (8:40)

ఒప్పుకుంటాను. అందుకే ఆ నవల ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. కానీ గీత పూర్తిగా చెరిపింది ముల్క్‌రాజ్ ఆనంద్. ‘అన్‌టచబుల్’ (1935) అంతా పాకీపని చేసే బఖా బుర్రలోనే, ఒకే ఒక్క రోజులో. ఒకరోజు నవల ఎత్తుగడ జాయిస్‌దే. పద్ధతి వాళ్లది, మనిషి మనవాడు.

ప్రభాకర్_మాస్టారు (9:00)

ఆ పుస్తకాన్ని పందొమ్మిది మంది ప్రచురణకర్తలు తిరగ్గొట్టారు. చివరికి అచ్చయింది ఫార్‌స్టర్ ముందుమాటతో. అదీ చెప్పాలి కదా.

సందేహాల_రావు (9:04)

చెప్పాలి. ఆ ముందుమాట లేకపోతే ఇరవయ్యోవాడూ తిరగ్గొట్టేవాడన్నది కూడా చెప్పాలి. ఆయన మంచితనం మీద నాకు పేచీ లేదు, బఖా రాసినవాడికి దొర పూచీ అవసరం కావడం మీదే.

మూసీ_ఒడ్డు (9:30)

ఒకరోజు నవల అన్నారు కాబట్టి: 1969లో మా నవీన్ గారు ‘అంపశయ్య’ రాశారు. ఒక పల్లెటూరి పేద స్టూడెంట్ రవి, ఒకే రోజు, బుర్రలో గిర్రున తిరిగే ఆలోచనలు, జాయిస్ పద్ధతే. జరిగేది ఉస్మానియా క్యాంపస్‌లో, మసూద్ సాబ్ నిలబెట్టిన చోట. దీనికి ఏ దొరా ముందుమాట రాయలేదు రావు గారూ.

సందేహాల_రావు (9:33)

దీని మీద వేరే థ్రెడ్ పెట్టండి. అక్కడ ఇంకా గట్టిగా పోట్లాడతాను.